ఎలా చేశావురా? – ప్రభుత్వ బడిలో లెక్కలు, తెర మీది పాఠం

(పట్టిసీమలో ఇచ్చిన 'లెక్కల మాస్టారి' స్మారక ఉపన్యాసం)

పురుషోత్తపట్నం నుంచి పడవ మీద వచ్చినవాళ్లు పొద్దు వాలకముందే రేవుకు చేరాలని నిర్వాహకులు నన్ను ముందే హెచ్చరించారు. ఆ మాట గుర్తుపెట్టుకునే మాట్లాడతాను.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన నిధికి ఎవరి పేరూ పెట్టలేదు. 'లెక్కల మాస్టారి నిధి' అన్నారు, అంతే. తన పేరు ఎక్కడా వేయొద్దని మాస్టారే ఇంట్లో చెప్పి పోయారట. వేయకపోయినా నష్టం లేదు. లెక్కల మాస్టారు అంటే ఎవరో ఈ సభలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. బెత్తం పట్టగా చూశామని ఎవరూ అనరు. ఆయన పట్టుకున్నది ఒకే ప్రశ్న: "ఎలా చేశావురా?" ఆడపిల్లలనైతే "ఎలా చేశావమ్మా?" జవాబు తప్పయినా ఆ ప్రశ్నే, రైటయినా ఆ ప్రశ్నే. కొత్తగా ఆరో తరగతిలోకి వచ్చినవాళ్లు ఆ మాట వినగానే రబ్బరు తీసి జవాబు చెరిపేసేవాళ్లు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "చెరపకు, ముందు చెప్పు" అనేవారు.

ఆయన దగ్గర ఓ లాంగ్ నోటుబుక్కు ఉండేది. ఎడమ పేజీలో పిల్లలు చేసిన తప్పు లెక్క, కుడి పేజీలో అలా ఎందుకు చేశారో రెండు ముక్కలు. తరగతి, నెల రాసేవారు గానీ పిల్లల పేర్లు రాసేవారు కాదు. స్టాఫ్ రూములో అందరూ దాన్ని 'తప్పుల పుస్తకం' అనేవాళ్లు. జూన్‌లో పాఠం మొదలుపెట్టే ముందు ఆయన పాఠ్యపుస్తకం కన్నా ముందు దాన్ని తిరగేసేవారు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదల్లా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. ప్రభుత్వ బడిలో లెక్కల చదువు బాగుపడాలంటే ముందుగా పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచరుకు తెలియాలి. ట్యాబ్ అయినా, గోడ మీది ప్యానెల్ అయినా, ఆన్‌లైన్ పాఠమైనా ఆ ఆగిన చోటును చూపించగలిగితేనే డబ్బుకు తగ్గ పని చేసినట్టు. దీన్ని ఐదు మెట్లలో చెబుతాను.

1. ఆగిపోయిన చోటు

ఆరో తరగతి పిల్ల ఒకమ్మాయి 407లోంచి 129 తీసేసి 322 అని రాసిందనుకుందాం. తప్పు అని కొట్టేసి, పక్కన 278 అని రాయడానికి నిమిషం కూడా పట్టదు. మాస్టారి పద్ధతిలో అడిగి చూడండి. "7లోంచి 9 పోదు కదండీ, అందుకని 9లోంచి 7 తీసేశాను, 2. సున్నాలోంచి 2 పోదు, 2లోంచి సున్నా తీసేస్తే 2. నాలుగులో ఒకటి పోతే 3." ఈ పిల్లకు తీసివేత రాదని అనగలమా? ఎక్కడా తడబడలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి అని తాను అనుకున్న సూత్రాన్ని ఒకట్ల నుంచి వందల దాకా నిజాయితీగా పాటించింది. ఆమెకు అందనిది స్థానవిలువ. వందను విప్పితే పది పదులవుతాయి, అందులో ఒక పదిని విప్పితే పది ఒకట్లవుతాయి అన్న సంగతి. అది చెప్పకుండా ఇంకో ఇరవై తీసివేతలు హోంవర్కు ఇచ్చామంటే, అదే తప్పును ఇరవైసార్లు గట్టిపరిచినట్టు.

ఇంకోటి చూడండి. 0.3 పెద్దదా, 0.25 పెద్దదా అంటే చాలామంది పిల్లలు 0.25 అంటారు. 25 పెద్దది కదా, 3 చిన్నది కదా. సగానికి మూడోవంతు కలిపితే ఐదింట రెండు వంతులు అంటారు. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయిందని వాళ్లకు అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ అంకెలు వాళ్లకు పరిమాణాలుగా కనిపించడం లేదు. ప్రతి తప్పు వెనకా ఒక ఆలోచన ఉంది. ఆ ఆలోచన ఏదో తెలియనిదే మనం చెప్పే పాఠం దానికి తగలదు.

దేశం మొత్తం మీద ఇదెంత పెద్ద సమస్యో చెప్పే అంకెలు రెండే చెబుతాను. 2021 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వేలో లెక్కల సగటు స్కోరు, 500కి గాను, మూడో తరగతిలో 306, ఐదులో 284, ఎనిమిదిలో 255, పదిలో 216. ఏ తరగతి ప్రశ్నపత్రం ఆ తరగతిదే కాబట్టి వీటిని నేరుగా పోల్చకూడదని గణాంకాలు తెలిసినవాళ్లు అంటారు. ఒప్పుకుంటాను. కానీ తరగతి పెరిగేకొద్దీ ఆ తరగతికి అనుకున్న చదువుకూ పిల్లలకు వచ్చినదానికీ మధ్య ఎడం పెరుగుతోందన్న సంగతి మాత్రం ఏ టీచరుకూ కొత్త కాదు. రెండోది, 2024 అసర్ సర్వే. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో చేయగలిగినవాళ్లు 45.8 శాతం. మిగతావాళ్ల చేతుల్లో ఉన్న పుస్తకంలో బీజగణితం ఉంది, వర్గమూలాలు ఉన్నాయి.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 కోసం గణిత బోధనను పరిశీలించిన బృందానికి ఆర్. రామానుజం అధ్యక్షులు. లెక్కలంటే పిల్లల్లో ఉండే భయం, ఓడిపోయామన్న భావన, ఇవే మొదటి సమస్య అని ఆ బృందం తేల్చింది. భయం ఎక్కడినుంచి వస్తుంది? అర్థం కాని చోట ఆగినవాడిని ఆపకుండా ముందుకు లాక్కెళ్లడం నుంచి వస్తుంది. టీచర్లను తప్పుపట్టడానికి నేనీ మాట అనడం లేదు. సిలబస్ ఏ నెలకు ఎంత అయిందో పైవాళ్లు అడుగుతారు. ఎంతమందికి అయిందో ఎవరూ అడగరు.

2. తెర ఇప్పటిదాకా చేసిన పని

2020 మార్చిలో బడులు మూతపడ్డాక దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చాయి. ఫోన్లున్న ఇళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో హోంవర్కులు వచ్చాయి. ఇంటికో ఫోను, ఆ ఫోను పొలానికి వెళ్లే నాన్న జేబులో. పాపికొండల వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయాక సిగ్నలు కోసం గుట్ట ఎక్కాల్సిందే. ఆ రోజుల్లో ఏదో ఒకటి చేయాలి కాబట్టి చేశారు, దానికి వంక పెట్టను.

తర్వాత మన రాష్ట్రం పెద్ద అడుగే వేసింది. నాడు-నేడు పథకం కింద బడుల్లో పెద్ద ప్యానెళ్లు, స్మార్ట్ టీవీలు పెట్టారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు చెప్పే టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. నెట్ లేకపోయినా చూసేందుకు బైజూస్ పాఠాలు వాటిలో ముందే ఎక్కించారు. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇందులో పార్టీల సంగతి నాకొద్దు. బడి పాఠం ఒక కంపెనీ చేతిలో ఉంటే కంపెనీతోపాటే అదీ తడబడుతుంది. ప్రజల డబ్బుతో నడిచే బడికి ప్రజల సొంత పాఠాలు ఉండాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష 2017లో వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. ఆ దారి సరైనదే.

కానీ నా ఫిర్యాదు అది కాదు. టీవీలో వచ్చినా, ట్యాబ్‌లో వచ్చినా, ప్యానెల్ మీద వచ్చినా, పాఠం ఎనిమిదో తరగతి పిల్లకు ఎనిమిదో తరగతి పాఠమే. బొమ్మలు బాగున్నాయి, గొంతు బాగుంది, త్రిభుజం గిర్రున తిరుగుతుంది. 407లోంచి 129 తీయడం దగ్గర ఆగిన పిల్లకు అందులో ఒక్క ముక్క లేదు. అందరికీ ఒకే కొలత మీద చొక్కా కుట్టే పని మనం నల్లబల్ల మీద ఎలాగూ చేస్తున్నాం. దాన్నే రంగుల్లో చేశాం.

ఇక ఆ పాఠం చివర వచ్చే క్విజ్ సంగతి. పిల్లలు చేసేది ఎప్పుడైనా పక్కన కూర్చుని గమనించారా? నాలుగు ఆప్షన్లు ఉంటాయి. మొదటిది నొక్కితే ఎరుపు. రెండోది నొక్కితే ఎరుపు. మూడోది పచ్చ. చప్పట్ల శబ్దం, తర్వాతి ప్రశ్న. (అదిగో, వెనక వరస నవ్వుతోంది. ఈ విద్య మీకు తెలుసన్నమాట!) జవాబు దొరికింది, చదువు దొరకలేదు. ఆ రెండు ఎరుపుల్లో ఉన్న సమాచారం ఎవరికీ అందకుండా పోయింది. మాస్టారైతే నోటుబుక్కులో రాసుకునేవారు.

3. తెర పనికొచ్చిన చోటు

మరి తెర వల్ల లాభమే లేదా? ఉంది. ఎక్కడ ఉందో, ఎందుకుందో చూద్దాం.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 9 తరగతుల పిల్లల్ని తీసుకుని లాటరీ వేసి, పేరు వచ్చినవాళ్లకు బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కేంద్రాల్లో చదువు చెప్పించారు. మొదటి పరీక్షలోనే ఒక విషయం తేలింది: ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతుల్లో ఆ దూరం ఇంకా ఎక్కువ. నాలుగున్నర నెలల తర్వాత లాటరీ తగిలిన పిల్లలు తగలనివాళ్ల కంటే లెక్కల్లో స్పష్టంగా ముందున్నారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో మాయేమీ లేదండి. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని అది చూడదు, ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడినుంచి ప్రశ్నలిస్తుంది. తప్పు జవాబు వస్తే ఏ రకం తప్పో పోల్చుకుని దానికి తగ్గ ప్రశ్న ఇస్తుంది. మన 322 వస్తే, స్థానవిలువ దగ్గరికి వెనక్కి తీసుకెళుతుంది. ఇంకో సంగతి, దీన్ని చెప్పడం చాలామంది మరిచిపోతారు: ఆ కేంద్రాల్లో రోజూ గంటన్నర చదువులో సగం తెర ముందు, మిగతా సగం చిన్న బృందంగా ఒక మనిషి దగ్గర.

గుజరాత్‌లో లీ లిండెన్ అనే పరిశోధకుడు దీనికి రెండో వైపు చూపించాడు. కంప్యూటర్ చదువును బడి అయ్యాక అదనంగా ఇచ్చిన చోట పిల్లలు బాగుపడ్డారు. టీచరు చెప్పే సమయాన్ని తీసేసి ఆ జాగాలో కంప్యూటర్ పెట్టిన చోట నష్టపోయారు. పెరూ దేశంలో ప్రభుత్వం పల్లె బడి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచితే, పంచడం వరకే ఆగిన ఆ పథకం వల్ల లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా ఏమీ కనిపించలేదని 2012లో అధ్యయనం వచ్చింది. మన రాష్ట్రంలోనూ చాలా ప్రభుత్వ బడుల్లో పిల్లల స్థాయిని బట్టి ప్రశ్నలిచ్చే ట్యాబ్ ల్యాబ్‌లు నడుస్తున్నాయి. వాటిని నడిపిన టీచర్లు ఈ సభలో ఉంటే, తర్వాత టీ దగ్గర నాకు కనిపించండి, మీ అనుభవం వినాలని ఉంది.

వస్తువు పంచితే చదువు రాదు. టీచరును పక్కకు జరిపితే ఉన్నది కూడా పోతుంది. పిల్లవాడు ఆగిన చోటును పట్టుకునే పని తెర చేసి, అక్కడ చెయ్యి అందించే పని మనిషి చేసినప్పుడే లాభం కనిపించింది.

4. గోదారి లెక్కలు

ఇంతవరకు చెప్పింది ఆగిన చోటును కనుక్కోవడం గురించి. కనుక్కున్నాక ముందుకు నడిపించడానికి ఏ లెక్కలివ్వాలి? ఇక్కడ వెయ్యేళ్ల కిందటి ఒక తెలుగువాడి మాట చెప్పుకోవాలి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ కాలం, రాజమహేంద్రవరం వైభవంగా ఉన్న రోజులు. మూలంలో ఉదాహరణలు జైన సంప్రదాయానివి. మల్లన లెక్కను ఉంచి ఉదాహరణలు మార్చాడు, శైవ ఉదాహరణలు పెట్టాడు. వీరభద్రస్వామి కొండ ఎదురుగా కూర్చున్న మీకు ఆయన ఎందుకలా చేశాడో నేను చెప్పనక్కర్లేదు. లెక్క తెలిసిన చోటునుంచి మొదలవ్వాలని ఆయనకు తెలుసు.

ఇప్పుడు పాఠాలు ఎక్కడో తయారై వస్తాయి. వాటిలో పిల్లలు పిజ్జా ముక్కలు పంచుకుంటారు. మన పిల్లలు చూసే నీళ్లలో ఎంత గణితం ఉందో చూడండి.

2015లో మొదలైన మన పట్టిసీమ ఎత్తిపోతల్లో 24 పంపులున్నాయి. అన్నీ ఆడితే సెకనుకు దాదాపు 8,500 ఘనపుటడుగుల నీరు పోలవరం కుడి కాలువలోకి పోతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. పిల్లల్ని ముందు తమ తరగతి గది కొలవమనండి. 20 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు వచ్చిందనుకోండి, 4,000 ఘనపుటడుగులు. అంటే ఒక్క సెకనులో ఇలాంటి గదులు రెండు నిండి ఇంకా మిగులుతాయి. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఘనపరిమాణం అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత అడగండి: పథకం లక్ష్యం 80 టీఎంసీలు, పంపులన్నీ ఆపకుండా ఆడితే ఎన్ని రోజులు? టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. 8,500తో గుణిస్తే 73 కోట్ల 44 లక్షలు. 8,000 కోట్లను దాంతో భాగిస్తే దాదాపు 109 రోజులు. వరద దాదాపు నాలుగు నెలలు సాగితేనే ఈ లెక్క సరిపోతుందని, పంపు ఆగిన ప్రతి రోజూ ఎక్కడో తగ్గుతుందని వాళ్లే చెబుతారు. గుణకారం, భాగహారం, ప్రమాణాల మార్పిడి, అంచనా, అన్నీ ఒక్క ప్రశ్నలో వచ్చేశాయి.

ఇంకొకటి ధవళేశ్వరం నుంచి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. ఈ అంకెలు జూలై, ఆగస్టుల్లో లంక ఊళ్ల పిల్లలకు ఎక్కాల కంటే బాగా వచ్చు. ఏడో తరగతిలో త్రైరాశికం చెప్పాక అడగండి: 11.75 అడుగులకు 10 లక్షలైతే 17.75 అడుగులకు ఎంత? త్రైరాశికం ప్రకారం 15 లక్షల చిల్లర రావాలి. హెచ్చరికలో ఉన్నది 17 లక్షలు. లెక్క తప్పిందా, నది తప్పిందా? రెండూ తప్పలేదు. అడుగుకు ఇంత అని నీరు ఒకే లెక్కన పెరగదు. అనులోమానుపాతం ఎక్కడ పనిచేస్తుందో చెప్పే పాఠాలు బోలెడున్నాయి, ఎక్కడ పనిచేయదో పిల్లలకు చూపించే పాఠం గోదారి ఉచితంగా చెబుతోంది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను కళ్లారా చూసిన పిల్లలు వీళ్లు.

ధాన్యం లెక్క తల్లిదండ్రులకోసం. 2024-25లో సాధారణ రకం క్వింటాలు మద్దతు ధర 2,300 రూపాయలు. 75 కేజీల బస్తాకు ఎంత? 1,725. తేమ 17 శాతం దాటిందని బస్తాకు రెండు కేజీలు తగ్గిస్తే ఎకరానికి ముప్పై బస్తాల మీద ఎంత పోయింది? ఈ లెక్క చేసిన పిల్ల మరుసటి రోజు నాన్నతో కళ్లం దగ్గరికి వెళ్లాలి.

5. ఇక చేయాల్సింది

పెద్ద పెద్ద సిఫార్సులు నా దగ్గర లేవు. ఈ మండలంలో వచ్చే జూన్ నుంచి చేయగలిగినవే చెబుతాను.

ఆరు, ఏడు తరగతుల్లో రోజుకు ఒక పీరియడ్, తరగతి చూడకుండా పిల్లల మెట్టును బట్టి గుంపులు చేయండి. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా నడుపుతున్న పద్ధతి ఇదే. తీసివేత దగ్గర ఆగినవాళ్లు ఒకచోట, భాగహారం దగ్గర ఆగినవాళ్లు ఒకచోట. రెండు నెలల కోసారి గుంపులు మార్చండి. ఏ గుంపుకూ తెలివైనది, మొద్దుది అని పేరు పెట్టకండి. మిగతా పీరియడ్లలో సిలబస్ మామూలుగానే నడుస్తుంది, మండల విద్యాధికారి గారు కంగారు పడనక్కర్లేదు.

ఉన్న ట్యాబ్‌లను అల్మరాలోంచి తీయండి. వాటిని పాఠాలు చూపించడానికి తక్కువగా, వారానికి పది ప్రశ్నలు ఇవ్వడానికి ఎక్కువగా వాడండి. ప్రశ్నల్లో ఆప్షన్లు వద్దు, జవాబు పిల్లే టైపు చేయాలి. 322 అని ఎంతమంది రాశారో, 278 అని ఎంతమంది రాశారో శుక్రవారానికల్లా టీచరు ముందు ఒక్క పేజీలో కనిపించాలి. ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు టెండరులో ఈ ఒక్క షరతు పెడితే చాలు: తప్పు జవాబుల వివరం టీచరుకు తెలుగులో, నెట్ లేకపోయినా అందాలి. ఇవాళ టీచరు ఫోనులో ఉన్న యాప్‌లలో చాలావరకు ఆయన నుంచి పైకి సమాచారం పంపించేవే. ఆయనకు కిందికి ఏమన్నా చెప్పే యాప్ ఒకటైనా ఉండాలి కదా.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతి లెక్కల టీచరూ తన బడిలో దొరికిన మంచి తప్పు ఒకటి తీసుకురావాలి. మంచి తప్పు అంటే, వెనక ఆలోచన ఉన్న తప్పు. దూబచర్లలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో టీచర్లుగా శిక్షణ పొందే పిల్లలు వాటిని పోగు చేస్తే రెండేళ్లలో మొత్తం గోదావరి జిల్లాలకు పనికొచ్చే తప్పుల పుస్తకం తయారవుతుంది. పిల్లలు ఏ ఆలోచనతో తప్పు చేస్తారో బడిలో వాళ్ల ముందు నిలబడ్డవాళ్లకే బాగా తెలుస్తుంది.

తల్లులకు ఒక మాట. మీకు ఆ లెక్క రాకపోయినా పరవాలేదు. రాత్రి అన్నం దగ్గర "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగే బదులు ఒక లెక్క ఎలా చేశారో చెప్పమనండి. పిల్లకు చెప్పడం వస్తే లెక్క వచ్చినట్టే. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో మర్నాడు టీచరుకు చెప్పండి.

చివరగా ఈ నిధి పెద్దలకు ఒక విన్నపం. ఏటా పదో తరగతిలో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థికి బహుమతి ఇస్తున్నారు. ఇవ్వండి, మానమనను. నూరు తెచ్చుకునేవాళ్లు మీ బహుమతి లేకపోయినా తెచ్చుకుంటారు. వచ్చే ఏడాది నుంచి వడ్డీలో సగం పక్కన పెట్టి, జూన్‌లో భాగహారం రాని ఆరో తరగతి పిల్లల్లో మార్చికల్లా ఎక్కువమందికి నేర్పించిన బడికి ఇవ్వండి. ఎవరు నేర్చుకున్నారో తేల్చడానికి పరీక్షా పత్రాలు దిద్దితే సరిపోదు. ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి, ఎలా చేశావో చెప్పమని అడగాలి. ఆ పనికి ఏడాదికి ఒక రోజు నేను వస్తాను. ఇక్కడున్న రిటైరైన లెక్కల మాస్టార్లూ, మీరూ రావాలి. పేర్లు ఇవాళే రాసుకుంటారట, ద్వారం దగ్గర బల్ల మీద కాగితం ఉంది.

పడవకు టైమైంది.